అగ్నిసాక్షి, ఛాయాసాక్షి

ఈ పర్యాయం గ్రంథవిచారణను పక్కనబెట్టి ఒక లౌకికవిషయాన్ని ప్రస్తావిస్తున్నందుకు క్షమించగలరు. విదేశాలలో జరిగే మన పిల్లల వివాహాలకు ఛాయాచిత్రాలు తీయించడం ఎందుకు, ఎంతలో, ఏ విధంగా అన్నది నేటి చర్చ. విషయం లౌకికమే. ఐనప్పటికీ దానిని తరచి చూస్తే సాక్షి ఎవరు, కర్త ఎవరు అనే ప్రశ్న వద్దకే చేరుకుంటామని ఈ మధ్య నాకు స్వానుభవంలో తెలియవచ్చింది.

మాది ఉస్మాన్‌గంజ్. బేగంబజారుకూ మొజంజాహీ మార్కెట్టుకూ నడుమ నున్న ఈ టోకువర్తకుల వీధిలో మా తండ్రిగారి కాలం నుండి జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, పసుపుకొమ్ముల వ్యాపారం. కింద దుకాణం, పైన నివాసం. విదేశాలకు వెళ్ళే పెళ్ళిసామగ్రి మూటలు మా కాటా మీదుగా ఎన్నో వెళ్ళినవి. పసుపుకొమ్ములు, వక్కలు, ఎండుకొబ్బరి గిన్నెలు, జీలకర్ర. వీటిని చిన్న చిన్న పొట్లాలుగా కట్టించుకొని, తూకం వేయించుకొని, సూట్‌కేసులో ఇముడునా లేదా అని లెక్కలు వేసుకొనే తల్లిదండ్రులను నేను నలభై ఏండ్లుగా చూస్తున్నాను. గడచిన వైశాఖమాసంలో ఆ మూట మా ఇంటిదే అయినది. మా తమ్ముని కుమార్తె వివాహం మెల్బోర్న్ నగరంలో నిశ్చయమైనది. వధూవరు లిరువురూ అచటనే ఉద్యోగులు. ఇద్దరికీ సెలవు దొరకదు, వీసా వ్యవహారం నడుమలో ఉన్నది, కావున అచటి దేవాలయ కల్యాణమండపంలోనే వివాహం. మా తమ్ముడూ మరదలూ మాత్రమే వెళ్ళగలిగారు. ఎనుబది రెండేండ్ల మా అమ్మ వెళ్ళలేదు; ఆమెతోపాటు నేనూ ఉండిపోయాను.

ఇక్కడ నా అపరాధమొకటి ఒప్పుకోవలసి యున్నది. అచటి స్టూడియోవారు ఇద్దరు ఛాయాచిత్రకారులు, ఇద్దరు వీడియో తీసేవారు, డ్రోన్, ఆల్బం కలిపి అడిగిన మొత్తం మా తమ్ముని ఆరునెలల సంపాదనకు మించినది. అప్పు తెద్దామని అతడు, తెమ్మని నేను. ప్రతి ఏకాదశినాడు పదిమందిని కూర్చోబెట్టుకొని వైరాగ్యప్రకరణం చదివి వినిపించే నేను, "బజారులో వాళ్ళు పెళ్ళి ఫొటోలు చూపమని అడిగితే ఏమి చూపిస్తావురా?" అన్నాను. ఆ మాట నా నోటనే వచ్చినది.

ఆ పిల్ల ఫోనులో విని ఒక్క ప్రశ్న వేసింది. "పెదనాయనా, అగ్నిహోత్రుడే సాక్షి అని మీరే గదా చెప్తరు? ఆయన కన్న డ్రోన్ పెద్ద సాక్షా?"

నాకు సమాధానం తోచలేదు. అప్పు తేలేదు. ఛాయాచిత్రకళ అభ్యసిస్తున్న ఒక విద్యార్థినిని, వియత్నాం మూలాలు గల స్థానికురాలిని, నాలుగు గంటలకు కుదుర్చుకున్నారు. ఒక్కతే మనిషి, ఒక్కటే కెమెరా.

సాధకులకు తెలిసినదే, సాక్షి అనే పదం వేదాంతంలో ఎంత బరువైనదో. విద్యారణ్యస్వామి పంచదశిలో పదవ ప్రకరణానికి నాటకదీపమని పేరు. నృత్యశాలలోని దీపం ప్రభువునూ, సభ్యులనూ, నర్తకినీ భేదం లేక సమంగా ప్రకాశింపజేస్తుంది. వారందరూ లేచి వెళ్ళిన పిదప శూన్యమైన శాలను సైతం అట్లే ప్రకాశింపజేస్తుంది. అది సాక్షిచైతన్యానికి ఉపమానం. ఆ దీపం నర్తకిని "ఇటు తిరుగుము" అనదు, ప్రభువును "చిరునవ్వు నవ్వుము" అనదు. సాక్షి లక్షణమే అది: ఉన్నదానిని ఉన్నట్లు వెలిగించుట, జోక్యము చేసికొనకుండుట. వివాహవేదికపై అగ్నిహోత్రుని స్థానం అటువంటిదే. ఆయన సన్నిధిలో పాణిగ్రహణం జరుగుతుంది, లాజహోమం జరుగుతుంది, సప్తపది జరుగుతుంది. ఆయన దేనినీ రెండవసారి చేయమని అడగడు.

నేటి వివాహవేదికపై కెమెరా ఈ సాక్షిస్థానాన్ని ఆక్రమించి, అచటితో ఆగక కర్తృత్వాన్ని కూడ స్వీకరించినది. మన నగరంలోనే రెండేండ్ల క్రితం ఒక బంధువుల వివాహంలో నేను పెద్దరికం వహించి కూర్చున్నాను. సుముహూర్తం సమీపించినది, జీలకర్రబెల్లం పళ్ళెంలో సిద్ధమైనది, పురోహితులు మంగళాష్టకాలు అందుకున్నారు. అంతలో "ఆగండి, ఆగండి" అని కేక. డ్రోన్ బ్యాటరీ మార్చవలెనట! పురోహితుడు నావైపు చూచాడు, నేను గడియారం వైపు చూచాను, వధువు తండ్రి ఫొటోగ్రాఫర్ వైపు చూచాడు. ముహూర్తఘడియ దాటిన పిమ్మట జీలకర్రబెల్లం పెట్టించారు. మాంగల్యధారణ రెండుమార్లు జరిగినది: మొదటిది వరునికి, వధువుకు; రెండవది కెమెరాకు. ఆ ఆల్బం చూస్తే ఏ లోపమూ కానరాదు. అత్యద్భుతంగా ఉన్నది. ఆ అద్భుతంలో లేనిదల్లా ఆ ముహూర్తం ఒక్కటే.

భగవద్గీత పదునేడవ అధ్యాయంలో యజ్ఞాన్ని మూడు విధాలుగా విభజించినప్పుడు దంభార్థమై చేయబడినదానిని రాజసమన్నారు. వివాహం గృహస్థుని సకలయజ్ఞాలకూ ప్రారంభద్వారం. ఆ ద్వారమే దంభంతో కట్టబడితే లోపలి గృహం ఎట్లుండునో చెప్పనక్కరలేదు. ఐతే ఇదంతా కెమెరాపై నిందగా భావించవలదు. నింద కెమెరాది కాదు, దానిని వేదికపై పెద్దపీట వేసి కూర్చోబెట్టినవారిది. అందులో నేనూ ఉన్నాను గదా!

ఛాయాచిత్రకళ మన నగరానికి క్రొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపినవాడు. 1892లో అంతఃపురస్త్రీల కొరకు జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక మహిళ చేతిలో పెట్టాడు. ఎదుటివారి మర్యాదను బట్టి కెమెరా తన నడవడికను మార్చుకొన్న ఆ ఉదంతం నాకు తరచు జ్ఞప్తికి వస్తుంది. నేడు మర్యాదయే కెమెరాను బట్టి మారుతున్నది. మా తల్లిదండ్రుల వివాహం 1961లో. దానికి ఒకే ఒక్క ఛాయాచిత్రం ఉన్నది. అదైనా పెళ్ళినాటిది కాదు, పదహారు రోజుల పండుగ గడచిన తర్వాత స్టూడియోకు వెళ్ళి, రంగులు వేసిన తెర ముందు నిలబడి తీయించుకొన్నది. ఆ తెరపై ఏదో రాజప్రాసాదపు స్తంభాలు. మా నాయన ముఖంలో భయం, అమ్మ ముఖంలో నవ్వు ఆపుకొనే ప్రయత్నం. అరువది ఏండ్ల దాంపత్యానికి ఆ ఒక్క చిత్రం చాలినది.

అంతమాత్రాన విదేశవివాహాలకు ఛాయాచిత్రాలే వద్దనడం అవివేకం. అచట వాటికి మరొక ప్రయోజనం, మరొక ధర్మం ఉన్నవి. ఒకటి వ్యావహారికం: భార్యాభర్తల వీసాల కొరకు దరఖాస్తు చేసుకొనేవారు పెళ్ళి ఫొటోలు జతపరచడం, ముఖాముఖికి ఆల్బం వెంట తీసుకువెళ్ళడం మనకందరకూ తెలిసినదే. అచటి అధికారికి హోమధూమంలో కళ్ళు మండుతున్న వధువు చిత్రం చాలు, డ్రోన్ దృశ్యం అక్కరలేదు. రెండవది, నా దృష్టిలో ముఖ్యమైనది: వెళ్ళలేని వృద్ధుల కొరకు. కన్యాదానఫలం ఉభయవంశాలలోని పితరులను సైతం తరింపజేస్తుందని పెద్దల విశ్వాసం. పితరులకే చేరేది, బ్రతికియున్న నాయనమ్మకు చేరవద్దా?

న్యాయస్థానం మాట కూడ ఇచట ప్రస్తావించవలసినది. 1955 హిందూ వివాహచట్టం ఏడవ సెక్షను ప్రకారం సప్తపది అంగంగా గల వివాహం ఏడవ అడుగుతో సంపూర్ణమవుతుంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వివాహం ఆటపాటలకూ విందువినోదాలకూ సందర్భం కాదనీ, అది సంస్కారమనీ, యథావిధి కర్మలు జరుగనిదే కేవల నమోదుపత్రంతో హిందూ వివాహం సిద్ధింపదనీ స్పష్టపరచినది. న్యాయాధిపతులు మన పురోహితుల మాటనే చెప్పారు. ఆ ఏడు అడుగులలో ప్రతి అడుగునకూ విష్ణువు నిన్ను అనుసరించి వచ్చుగాక అని వరుడు వధువుతో అంటాడు. అన్నం కొరకు, బలం కొరకు, వ్రతం కొరకు అని మంత్రార్థం సాగి, ఏడవ అడుగు పిదప ఇరువురూ సఖులు. చట్టం దృష్టి ఆ పాదాలపై ఉన్నది, మంత్రం దృష్టి ఆ పాదాలపై ఉన్నది. మన ఆల్బములలో మాత్రం ఆ పాదాలు తప్ప తక్కినవన్నీ ఉంటాయి!

ఇక మెల్బోర్న్ వృత్తాంతానికి వస్తాను. ఆ విద్యార్థిని పెళ్ళికి పదిరోజుల ముందు ఒక లేఖ పంపింది. "మీ వివాహాలు నేను ఎన్నడూ చూడలేదు. నేను తప్పిపోకూడని క్షణాలేవి? నేను నిలబడకూడని చోటు ఏది?" అని. ఈ రెండవ ప్రశ్న ఇంతవరకు నేనెరిగిన ఏ స్టూడియోవారూ అడగలేదు. పాశ్చాత్యవివాహాలు మాత్రమే ఎరిగినవారు ఉంగరాల మార్పిడి కొరకు, చుంబనం కొరకు ఎదురుచూస్తారు. ఉత్తరాది వివాహాలెరిగినవారు సిందూరం కొరకు కాచుకొని ఉంటారు. మన తెలుగువారికి సుముహూర్తమంటే జీలకర్రబెల్లం. అది అడ్డుతెర చాటున, ఒకరి శిరస్సుపై ఒకరు తమలపాకుతో ఉంచే లిప్తకాలం. తెలియనివారికి అదొక చిన్న తంతు, తెర తొలగించిన తర్వాతనే అసలు కార్యక్రమమని భ్రమ. అందుచేతనే విదేశవివాహాల ఆల్బములలో చాలమట్టుకు ఆ ఘట్టం ఉండదు.

మా అమ్మను అడిగి నేను జాబితా వ్రాశాను. ఆమె చెప్పినవి ఎనిమిది. కాళ్ళు కడిగి కన్యాదానం చేసేటప్పుడు తల్లి ధార పోస్తున్న చేయి. తెర చాటున జీలకర్రబెల్లం. మాంగల్యం కట్టేటప్పుడు మూడుముళ్ళు, ముఖాలు కాదు. తలంబ్రాలలో నవ్వు. పిల్ల కుడిపాదం సన్నెకల్లుపై మోపినప్పుడు. ఏడడుగులు, అన్నీ. మట్టెలు. చివరకు అరుంధతిని చూపించేటప్పుడు వరుని వేలు. నిలబడకూడని చోటు ఒక్కటే: అగ్నికీ దంపతులకూ నడుమ. ఈ తొమ్మిది మాటలను తమ్ముని కూతురు ఆంగ్లంలో వివరించి పంపింది.

ముహూర్తం అచటి కాలమానంలో ఉదయం పది గంటల ఇరువది నిమిషాలు. మనకు తెల్లవారుజామున ఐదు గంటల యాభై. గంజిలో ఇంకా లారీలు దింపుకొంటున్నారు. మేడమీద అమ్మ స్నానం చేసి పట్టుచీర కట్టుకొని ఫోను ఎదుట కూర్చున్నది. సరిగ్గా తెర పట్టిన వేళకు వీడియో నిలిచిపోయినది. మరల వచ్చేసరికి తలంబ్రాలు. అమ్మ ఏమీ అనలేదు, అక్షతలు మాత్రం ఫోనుపై వేసింది.

మూడవనాడు చిత్రాలు వచ్చినవి. నూట నలభై. మంచిచెడ్డలు దాచకుండ చెప్పవలెనంటే, అన్నీ బాగున్నవని కాదు. మూడుముళ్ళ చిత్రంలో పురోహితుని మోచేయి అడ్డువచ్చినది. మా తమ్మునికి నేటికీ ఆ లోటు తీరలేదు, తీరదు కూడ. బంధువుల సమూహచిత్రంలో ఇద్దరి కళ్ళు మూసుకొని ఉన్నవి. వెలుతురు కొన్నింటిలో పసుపుగా, కొన్నింటిలో నీలంగా. బజారులో చూపితే పదిమంది పది వంకలు పెట్టగలరు, పెట్టారు. కాని తెర చాటున జీలకర్రబెల్లం చిత్రం ఉన్నది. ఆమె పక్కకు వెళ్ళి మోకాళ్ళపై కూర్చొని తీసినది. తెరకు ఇటొక చేయి, అటొక చేయి, ముఖాలు లేవు. మా దుకాణపు జీలకర్ర అది.

అమ్మ కన్నులకు దగ్గరగా పట్టుకొని చీరలను, నగలను దాటివేసి, "పిల్ల సన్నెకల్లు తొక్కిందా లేదా, అది సూపెట్టు" అన్నది. చూపాను. పారాణి పెట్టిన పాదం, దాని కింద రాయి. ఆమె చాలసేపు చూచి, "కుడికాలే" అని ఫోను నా చేతికిచ్చింది.

చిట్టచివరి చిత్రం మరొకటి ఉన్నది, ఎవరూ అడగనిది. అందరూ భోజనాలకు వెళ్ళిన తర్వాత ఖాళీ అయిన పీటలు, చెదరిన అక్షతలు, కుండంలో మిగిలిన నిప్పు. నాటకదీపప్రకరణం వందసార్లు చదివినవాడను నేను. ఆమె ఆ పేరైనా విననిది.

కావున నా అభిప్రాయం ఇది. విదేశంలో వివాహం చేసికొనే మన పిల్లలకు ఛాయాచిత్రాల విషయంలో మితవ్యయం దారిద్ర్యచిహ్నం కాదు, అది కర్మప్రాధాన్యాన్ని కాపాడే ఉపాయం. ఐతే మితవ్యయమంటే కూలి తగ్గించడమని కొందరు అర్థం చేసికొంటున్నారు. ఇది అధర్మం. గంజిలో హమాలీకి బస్తాకు ఇంత అని ముందే మాట. బస్తా దిగగానే లెక్క. "పెళ్ళిలో ఫొటోలు తీస్తే నీకు పేరు వస్తుంది" అని ఉచితంగా తీయించుకొనేవారున్నారు. హమాలీతో అట్లా అనగలమా? గంటలు తగ్గించండి, మనుషులను తగ్గించండి, డ్రోన్‌ను తీసివేయండి. ఉన్న ఒక్కరికీ పూర్తి కూలి ఇవ్వండి, వేళకు విస్తరి వేయండి. మా వాళ్ళు ఆ అమ్మాయికి పంక్తిలో వడ్డించి, వస్త్రం పెట్టి పంపారు. మరొక మార్గం కూడ ఈనాడు ప్రచారంలో ఉన్నది: ఇచటి ఫొటోగ్రాఫర్లను పర్యాటక వీసాపై తీసుకువెళ్ళి అచట పని చేయించడం. అచటి స్టూడియోల కంటె చవక అని వాదన. పర్యాటక వీసాపై కూలికి పని చేయడం చాల దేశాల చట్టాలకు విరుద్ధం. విమానాశ్రయంలో ఆ కుర్రవాని చేత అబద్ధం చెప్పించి, పది గంటల పిదప అగ్ని ఎదుట సత్యప్రతిజ్ఞ చేయడం ఏ సూత్రకారుడు అనుమతిస్తాడో నాకు తెలియదు.

ఇక ఇచటి నుండి కేవలం దృశ్యాల కొరకే బాలీకో థాయిలాండుకో తరలివెళ్ళి వివాహం చేయడం వేరే సంగతి. ప్రధానమంత్రి 2023 నవంబరు 26నాటి మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ పోకడను ప్రస్తావించి, విదేశాలకు వెళ్ళి వివాహాలు చేయడం అవసరమా అని అడిగారు. ఆయన మాట ధనం దేశంలో నిలవడం గురించి. నా చింత మరొకటి: సముద్రం నేపథ్యంగా కావలెనని ముహూర్తాన్ని సూర్యాస్తమయానికి జరిపినవారు పంచాంగాన్ని కెమెరాకు అర్పించినట్లే గదా! తిరుమల కల్యాణవేదికలో పురోహితుడు, మంగళవాద్యం, పసుపుకుంకుమలు ఉచితంగా సమకూర్చి వివాహాలు చేయిస్తున్నారు. అచటికి ఫోనుతో ఒక బంధువు వెళితే చాలు.

అరుంధతీదర్శనం చిత్రం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ అమ్మాయి ఆ క్షణంలో తికమకపడి, "ఆకాశంలో ఏమీ లేదే, దేనిని తీయమంటారు?" అని అడిగిందట. పట్టపగలు నక్షత్రం చూపడం మన వివాహాలలోనూ ఆనవాయితీయే. కాని మెల్బోర్న్‌లో పగలేమి, రాత్రైనా అరుంధతి కనబడదు. సప్తర్షిమండలంలో వసిష్ఠుని చెంతనున్న ఆ చిన్న తార ఉత్తరఖగోళంలో 55 అంశల దూరాన ఉన్నది. దక్షిణాన 35 అక్షాంశాలు దాటితే అది ఏనాడూ క్షితిజం పైకి రాదు. మెల్బోర్న్ 38వ అక్షాంశానికి దగ్గర. వరుడు చూపినది శుద్ధశూన్యం.

స్థూలారుంధతీన్యాయం సాధకులకు సుపరిచితం. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు సమీపంలోని స్థూలతారను ముందు అరుంధతి అని చూపి, దృష్టి నిలిచిన పిదప దానిని విడిపించి అసలు తారను చూపుతాడు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యం ప్రథమాధ్యాయంలోనే ఈ న్యాయాన్ని ఉదాహరించారు. పెళ్ళి ఫొటోను నేను ఇప్పుడు ఆ స్థూలతారగానే చూస్తున్నాను. దానిని చూచి అచటనే ఆగిపోయేవారికి అది ఆల్బం. అమ్మకు అది సన్నెకల్లుపై పాదం.

నూతనదంపతులు వచ్చే చైత్రంలో ఇంటికి వస్తున్నారు. చైత్రరాత్రులలో మా మేడపై నుండి ఉత్తరాన సప్తర్షులు చక్కగా ఎత్తున కనబడతారు. గంజి దీపాల వెలుగులో వసిష్ఠుడు తెలుస్తాడు గాని, అరుంధతి నా కళ్ళకే ఆనదు. ఆ సంగతి అమ్మతో చెప్పాను.

"నీకు ఆనకపోతే పిల్లలకు ఆనదా? మేడమీద లైటు తీసెయ్యి. ఫొటోలు ఏం వద్దు" అన్నది.